రొమ్ములో గ్రాన్యులోమా: క్షయ అని రాసే ముందు

ముప్పై, ముప్పై ఐదేళ్ల వయసు. చివరి బిడ్డ పాలు మాని రెండు మూడేళ్లయింది. ఒక రొమ్ములో ఉన్నట్టుండి గట్టి గడ్డ, నొప్పి, పైన చర్మం ఎర్రబడటం. వారం పది రోజులు యాంటీబయాటిక్ వాడినా తగ్గదు. చీము పట్టిందని కోసి తీస్తే కొంత ఊరట దక్కుతుంది, నెల తిరిగేసరికి పక్కనే మరో గడ్డ లేస్తుంది. పాత కోత మానకుండా రసి కారుతూనే ఉంటుంది. గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్ అనే అరుదైన రొమ్ము వాపు వ్యాధి వైద్యుల ముందుకు వచ్చే తీరు చాలావరకు ఇదే. చిక్కేమిటంటే, రొమ్ములో క్షయ కూడా అచ్చం ఇలాగే రావచ్చు. కొన్నిసార్లు క్యాన్సర్ కూడా.

మూడింటికీ చికిత్స వేరు. అంతేకాదు, ఒకదానికి పనిచేసే మందు మరొకదానికి చేటు. క్షయ దాగి ఉన్నచోట స్టెరాయిడ్ మాత్రలు ఇస్తే అది విజృంభిస్తుంది. క్షయ లేనిచోట ఆరు నెలలపాటు టీబీ మందులు మింగిస్తే కాలేయం మీద భారం, ఇథాంబ్యుటాల్ వల్ల కంటిచూపుకు ముప్పు, వీటికి తోడు ఇంటా బయటా అనుమానపు చూపులు. క్యాన్సర్‌ను ఉత్త వాపుగా పొరబడి నెలలు గడిపితే జరిగే నష్టం గురించి చెప్పనక్కర్లేదు. అందుకే ఈ వ్యాధి విషయంలో చికిత్స కన్నా నిర్ధారణే పెద్ద పని.

కెస్లర్, వోలాక్ అనే వైద్యులు 1972లో దీన్ని మొదటిసారి ఒక ప్రత్యేక వ్యాధిగా వర్ణించారు. పైకి క్యాన్సర్‌లా కనిపించి భ్రమపెడుతుందన్నదే అప్పట్లో వారు ఎత్తిచూపిన ముఖ్య విషయం. ఆ తర్వాత టర్కీ, ఇరాన్, చైనా, భారత్ వంటి దేశాల నుంచి నివేదికలు ఎక్కువగా వచ్చాయి. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో 2006-2008 మధ్య హిస్పానిక్ మహిళల్లో కొన్ని కేసులు వరసగా బయటపడితే అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం ప్రత్యేకంగా పరిశీలించాల్సి వచ్చింది. రోగుల్లో ఎక్కువమంది, బిడ్డ పుట్టి ఐదారేళ్లలోపైన మహిళలే. పాలగ్రంథి తమ్మెల్లో, అంటే పాలు తయారయ్యే చిన్న చిన్న భాగాల్లో, నిలిచిపోయిన స్రావం చుట్టుపక్కల కణజాలంలోకి ఊరి, రోగ నిరోధక వ్యవస్థను రెచ్చగొడుతుందన్నది ఎక్కువమంది అంగీకరించే వివరణ. పాల ఉత్పత్తిని నడిపే ప్రొలాక్టిన్ హార్మోను కొందరిలో పెరిగి ఉండటం ఈ వివరణకు బలాన్నిస్తుంది.

ఇక్కడ మందుల చరిత్ర అడగటం చాలామంది మరచిపోతారు. మానసిక వ్యాధులకు వాడే రిస్పెరిడోన్ ప్రొలాక్టిన్‌ను బాగా పెంచుతుంది. వాంతులకూ కడుపుబ్బరానికీ వాడే డొంపెరిడోన్ కూడా పెంచుతుంది. మన దగ్గర గ్యాస్ మాత్ర పేరుతో నెలల తరబడి వేసుకునే బిళ్లల్లో పాంటాప్రజోల్‌తో పాటు డొంపెరిడోన్ కలిసి ఉండటం మామూలే. రోగి దాన్ని మందుగా లెక్కపెట్టదు కాబట్టి అడిగితే తప్ప చెప్పదు.

గ్రాన్యులోమా అంటే ఏమి తెలిసినట్టు?

శరీరం తాను సులభంగా వదిలించుకోలేని దాన్ని చుట్టుముట్టి కట్టడి చేసే ప్రయత్నంలో తెల్ల రక్తకణాల్లో కొన్ని రూపం మార్చుకుని గుంపుగా చేరతాయి. మధ్యలో ఎపిథీలియాయిడ్ కణాలు, అక్కడక్కడ అనేక కేంద్రకాలున్న రాక్షస కణాలు, అంచున లింఫోసైట్లు. సూక్ష్మదర్శినిలో కనిపించే ఈ గుంపు పేరే గ్రాన్యులోమా. దాని లోపల ఏముందో అది తనంతట తాను చెప్పదు. క్షయ బ్యాక్టీరియా ఉండవచ్చు, శిలీంధ్రం ఉండవచ్చు, సిలికాన్ లాంటి పరాయి పదార్థం ఉండవచ్చు, ఏమీ దొరకకపోనూవచ్చు. కారణం తెలియని వాపు వ్యాధి అయిన సార్కాయిడోసిస్‌లోనూ ఇదే కనిపిస్తుంది. అరుదుగా క్యాన్సర్ కణితి పక్కన కూడా కనిపిస్తుంది.

అయినా తెలుగు రాష్ట్రాల్లోనే కాదు, దేశమంతటా నివేదికలో ఆ మాట చదవగానే మనసు క్షయ వైపే పరుగెడుతుంది. అందుకు కారణం లేకపోలేదు. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. రొమ్ము క్షయ కొత్త సంగతి కూడా కాదు. లండన్ శస్త్రవైద్యుడు ఆస్ట్లీ కూపర్ 1829లోనే దాన్ని వర్ణించాడు. మెడలోనో చంకలోనో లింఫు గ్రంథి సూది పరీక్షలో గ్రాన్యులోమా వస్తే ఇక్కడ ఎక్కువసార్లు అది క్షయే అవుతుంది. ఆ అనుభవం నుంచి వచ్చిన అలవాటే రొమ్ముకూ అంటుకుంది. మెడ గ్రంథికి సరిపోయిన అంచనా రొమ్ముకు సరిపోదు. రొమ్ము కణజాలంలో క్షయ క్రిమి అంత తేలిగ్గా స్థిరపడదు. పైగా గ్రంథుల్లో లేని పోటీదారు ఒకటి, అంటే గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్, ఇక్కడ కాచుకుని ఉంటుంది.

అలవాటును సమర్థించుకోవడానికి చేసే పరీక్షలు కూడా అంతగా సాయపడవు. చేతిమీద చేసే మాంటూ పరీక్ష, రక్తంతో చేసే ఇగ్రా పరీక్ష శరీరంలో ఎప్పుడో క్షయ క్రిమి ప్రవేశించిందని మాత్రమే చెబుతాయి. 2019-2021లో జరిగిన జాతీయ క్షయ సర్వేలో పదిహేనేళ్లు పైబడిన వారిలో సుమారు 31 శాతం మందికి అలాంటి నిద్రాణ సంక్రమణ ఉన్నట్టు తేలింది. అంటే రొమ్ములో ఏ జబ్బూ లేని ముగ్గురిని పిలిచి పరీక్ష చేసినా ఒకరికి పాజిటివ్ వస్తుంది. అలాంటి ఫలితాన్ని పట్టుకుని గడ్డలో ఉన్నది క్షయ అనడం నిర్ధారణ కాదు. రక్త పరీక్షలో ఈఎస్‌ఆర్ పెరగడమూ అంతే. ఏ వాపుకైనా అది పెరుగుతుంది. ఛాతీ ఎక్స్-రే మాత్రం తీయించి తీరాలి. ఊపిరితిత్తుల్లో క్షయ జాడ కనబడితే లెక్క మారిపోతుంది, గుండె పక్కనున్న గ్రంథులు రెండు వైపులా ఉబ్బి ఉంటే సార్కాయిడోసిస్ గురించి ఆలోచించాల్సి వస్తుంది.

ముక్క ఏ సీసాలో పడింది?

రొమ్ము గడ్డల్ని తేల్చే పనిలో మూడు మెట్లు అందరికీ తెలిసినవే: చేత్తో పరీక్ష, చిత్రాలు, కణజాల పరీక్ష. చిత్రాల గురించి ఎక్కువ చెప్పుకోవాల్సింది లేదు. అల్ట్రాసౌండ్‌లో అంచులు సరిగా లేని నల్లని గడ్డ, దాని నుంచి వేళ్లలా పక్కలకు పాకే గొట్టాల లాంటి పాయలు కనిపిస్తే గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్ అని అనుభవజ్ఞులైన రేడియాలజిస్టులు ఊహిస్తారు. ఊహ మాత్రమే. నివేదికలో మాత్రం క్యాన్సర్ కావచ్చనే బైరాడ్స్ 4 లేదా 5 తరగతే పడుతుంది, పడాలి కూడా. మామోగ్రామ్ ఈ వయసు వారి దట్టమైన రొమ్ములో పెద్దగా తేల్చదు, అయినా సూక్ష్మ కాల్షియం చుక్కలు ఉన్నాయో లేవో చూడటానికి అవసరమే. ఎంఆర్ఐ వ్యాధి ఎంతమేరకు పాకిందో చూపుతుంది, పేరు చెప్పదు.

అసలు విషయం కణజాలం దగ్గర తేలుతుంది. మన జిల్లా కేంద్రాల్లో ఎక్కువగా జరిగేది సన్న సూదితో చేసే ఎఫ్‌ఎన్‌ఏసీ. చవక, పది నిమిషాల పని, నొప్పి తక్కువ. క్యాన్సర్ కణాలు కళ్లకు కట్టినట్టు ఉంటే దానితోనే చాలా తెలుస్తుంది. గ్రాన్యులోమా ఉందో లేదో కూడా చెప్పగలదు. కానీ ఆ గ్రాన్యులోమా పాలగ్రంథి తమ్మె లోపల ఉందా, నాళం చుట్టూ ఉందా, కొవ్వులో ఉందా అన్నది చెప్పలేదు. చెదిరిన కణాలకు చిరునామా ఉండదు. ఇక్కడ నిర్ధారణ సగం ఆ చిరునామా మీదే ఆధారపడుతుంది. అందుకే ముక్క పరీక్ష, అంటే లావు సూదితో పోగుల్లా కణజాలం తీసే కోర్ బయాప్సీ, తప్పనిసరి.

బయాప్సీ గదిలో తీసిన పోగులు ఒక్కొక్కటే ఫార్మలిన్ సీసాలో పడతాయి. పాథాలజీ ప్రయోగశాలకు అదే కావాలి; కణాల ఆకారం చెడకుండా పట్టి ఉంచేది ఫార్మలినే. అది సూక్ష్మజీవుల్ని చంపేస్తుంది కూడా. ఒకసారి అందులో పడ్డ ముక్క నుంచి ఏ క్రిమినీ పెంచలేరు, జన్యు పరీక్షల సామర్థ్యం కూడా తగ్గిపోతుంది. తీసిన నాలుగైదు పోగుల్లో రెండింటిని శుభ్రమైన సాధారణ సెలైన్‌లో వేరే సీసాలో వేసి అదే రోజు మైక్రోబయాలజీకి పంపి ఉంటే, క్షయ జన్యు పరీక్ష, క్షయ కల్చర్, మామూలు బ్యాక్టీరియా కల్చర్, శిలీంధ్ర కల్చర్ అన్నీ సాధ్యమయ్యేవి. రెండో సీసా పెట్టే పని ఖరీదైనది కాదు, కష్టమైనది కాదు. వాపు లక్షణాలున్న గడ్డకు బయాప్సీ చేస్తున్నామని తెలిసీ ఒకే సీసాతో సరిపెట్టడం అలవాటు వల్ల జరిగేది. ఆ తర్వాత రోగి రెండోసారి సూది పోటు భరించాలి. లేదంటే వైద్యుడు ఊహ మీద మందు రాయాలి. ఆచరణలో ఎక్కువగా రెండోదే జరుగుతుంది. చీము తీసినప్పుడూ ఇదే నియమం: దూదిపుల్లకు అంటించిన చీము కన్నా సిరంజీలోకి లాగిన చీము, దానికన్నా చీముగూడు గోడ నుంచి తీసిన ముక్క మేలు.

గాజుపలక మీద ఏమి వెతకాలి

ఫార్మలిన్ ముక్క రంగులద్దుకుని సూక్ష్మదర్శిని కిందికి వచ్చాక పాథాలజిస్టు ముందు చూసేది క్యాన్సర్ కణాల కోసమే. అది లేదని తేలాక గ్రాన్యులోమాల అమరిక. గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్‌లో అవి తమ్మెలను కేంద్రంగా చేసుకుని ఉంటాయి, మధ్యలో న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు చేరి చిన్న చిన్న చీముగూళ్లు కడతాయి. క్షయలో తమ్మె, నాళం, మధ్యనున్న కణజాలం అనే తేడా లేకుండా గ్రాన్యులోమాలు పరచుకుంటాయి, వాటి నడుమ జున్నులా మారిన నిర్జీవ పదార్థం కనబడవచ్చు. పాఠ్యపుస్తకాల్లో ఈ తేడా స్పష్టంగా ఉంటుంది. గాజుపలక మీద అంత స్పష్టంగా ఉండదు. జున్ను మార్పు లేని క్షయ ఉంది, చీముగూళ్లున్న క్షయా ఉంది.

ఆ తర్వాత జీల్-నీల్సన్ రంగు వేసి ఎర్రటి క్షయ క్రిముల కోసం వెతకాలి. ఈ పద్ధతిలో కంటికి దొరకాలంటే కఫం లాంటి నమూనాలో మిల్లీలీటరుకు వేలల్లో, సుమారు పదివేల దాకా క్రిములు ఉండాలి. రొమ్ము క్షయలో క్రిములు బహు తక్కువ. అందుకే క్షయ ఉన్న రొమ్ము ముక్కల్లో కూడా ఎక్కువసార్లు ఆ రంగు పరీక్ష ఖాళీగానే వస్తుంది. క్రిమి కనపడలేదు కాబట్టి క్షయ లేదనడం ఎంత తప్పో, గ్రాన్యులోమా కనపడింది కాబట్టి క్షయ ఉందనడం అంతే తప్పు.

ఈ ఖాళీని చాలావరకు పూరించింది జన్యు పరీక్ష. సీబీనాట్ అని మన ఆసుపత్రుల్లో పిలిచే జీన్‌ఎక్స్‌పర్ట్, గోవా కంపెనీ తయారుచేసిన ట్రూనాట్, రెండూ జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా దొరుకుతున్నాయి. కొన్ని గంటల్లో ఫలితం వస్తుంది, ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్‌కు క్రిమి లొంగుతుందో లేదో కూడా తెలుస్తుంది. పాజిటివ్ వస్తే దాదాపు చర్చ ముగిసినట్టే. నెగటివ్ వస్తే ముగిసినట్టు కాదు. తీసిన పోగులో క్రిమి లేకపోవచ్చు, పక్క పోగులో ఉండవచ్చు. ద్రవ మాధ్యమంలో ఆరు వారాలు ఉంచే కల్చర్‌దే తుది మాట, అది కూడా నమూనా బాగుంటేనే.

ఖాళీ బుడగ అంచున ఉన్న క్రిమి

అసలు ఆసక్తికరమైన భాగం ఇక్కడ మొదలవుతుంది. గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్‌ను చాలాకాలం కారణం తెలియని వ్యాధిగానే లెక్కించారు. 2002లో న్యూజిలాండ్ పరిశోధకులు ఈ రోగుల నమూనాల్లో కోరినీబ్యాక్టీరియం కుటుంబానికి చెందిన క్రిములు పదేపదే దొరుకుతున్నాయని గమనించారు. వాటిలో ముఖ్యమైనది కోరినీబ్యాక్టీరియం క్రోపెన్‌స్టెటీ, 1998లోనే ఒక రోగి కఫం నుంచి గుర్తించి పేరు పెట్టిన జాతి. దీనికి కొవ్వు అంటే ప్రాణం. కొవ్వు కలపని మామూలు కల్చర్ పళ్లెంలో ఇది సరిగా పెరగదు, పెరిగినా చాలా నెమ్మది. చీము కల్చర్ పళ్లేన్ని రెండు రోజులు చూసి ఏ క్రిమీ పెరగలేదని నివేదిక ఇచ్చే పద్ధతిలో ఇది ఎప్పటికీ పట్టుబడదు. ఒకవేళ కొద్దిగా పెరిగినా, చర్మం మీద సహజంగా ఉండే డిఫ్తీరాయిడ్లు వచ్చి కలిశాయిలే అని ప్రయోగశాల దాన్ని కొట్టిపారేయడం మామూలు.

గాజుపలక మీద మాత్రం ఇది ఒక గుర్తు వదిలిపోతుంది. గ్రాన్యులోమా మధ్యలో న్యూట్రోఫిల్స్ గుంపు, ఆ గుంపు నడుమ గుండ్రటి ఖాళీ బుడగ. కణజాలాన్ని తయారుచేసేటప్పుడు కొవ్వు కరిగిపోగా మిగిలిన చోటు అది. బ్యాక్టీరియాను పట్టి చూపే గ్రామ్ రంగు వేసి నూనె కటకం కింద ఆ ఖాళీ అంచును జాగ్రత్తగా వెతికితే రెండో మూడో సన్నని ఊదారంగు కడ్డీలు కనిపిస్తాయి. పలక మొత్తం మీద ఒకటి రెండు బుడగల్లోనే ఉండవచ్చు. ఈ రూపాన్ని సిస్టిక్ న్యూట్రోఫిలిక్ గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్ అని ఇప్పుడు విడిగా పిలుస్తున్నారు. క్షయ కోసం ఎర్ర కడ్డీలు వెతికి లేవని ముగించిన పాథాలజిస్టు అదే పలకకు గ్రామ్ రంగు కూడా వేయించి ఉంటే కొందరు రోగుల కథ అక్కడే మలుపు తిరిగేది.

ఈ క్రిమి వ్యాధికి మూలమా, లేక ముందే చెడిన తమ్మెలో చేరిన అతిథా అన్న వాదన ఇంకా సాగుతూనే ఉంది. చికిత్స కోణం నుంచి చూస్తే దాని ఉనికి ఒక విషయాన్ని వివరిస్తుంది. మొదటి వారంలో దాదాపు అందరికీ రాసే అమాక్సిసిలిన్-క్లావులనేట్ లాంటి మందులు నీటిలో కరిగే స్వభావం గలవి. కొవ్వు బుడగలో ఉన్న క్రిమి దాకా అవి సరిగా చేరవు. కొవ్వులోకి చొచ్చుకుపోగల డాక్సీసైక్లిన్, క్లారిత్రోమైసిన్, రిఫాంపిసిన్ వంటివి చేరగలవు. మూడో పేరును గుర్తుంచుకోవాలి.

మందుకు తగ్గింది కాబట్టి?

కణజాలంలో తేలనప్పుడు మన వైద్యంలో ఒక పాత దారి ఉంది: టీబీ మందులు మొదలుపెట్టి చూడటం, తగ్గితే క్షయే అనుకోవడం. కొన్ని అవయవాల విషయంలో ఇది సబబే, ఎందుకంటే అక్కడ ముక్క తీయడం ప్రమాదం. రొమ్ములో ముక్క తీయడం సులభం. పైగా ఈ పరీక్షకే ఇక్కడ అర్థం లేదు. ఎందుకంటే గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్ ఏ మందూ లేకుండానే ఆరు నెలల నుంచి ఏడాదిన్నర లోపు చాలామందిలో దానంతట అది చల్లబడుతుంది. టీబీ కోర్సు కూడా ఆరు నెలలే. రెండూ ఒకేసారి ముగిస్తే ఘనత మందుకు దక్కుతుంది.

రెండో కారణం ఇంకా సూక్ష్మమైనది. టీబీ కోర్సులోని రిఫాంపిసిన్ కోరినీబ్యాక్టీరియం మీద కూడా పనిచేస్తుంది. ఈజిప్టులో క్షయ లేని గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్ రోగులకు రిఫాంపిసిన్ ఒక్కటే నెలల తరబడి ఇచ్చి మంచి ఫలితం పొందిన వైద్యులున్నారు. కాబట్టి టీబీ మందులతో గడ్డ కరిగిందంటే అది క్షయ కావచ్చు, కోరినీబ్యాక్టీరియం కావచ్చు, కాలం కావచ్చు. ఏదో తెలియదు. తెలియకుండానే ఆ మహిళ వైద్య చరిత్రలో రొమ్ము క్షయ అని ఎక్కుతుంది, ఆ ఊరి వైద్యుడి అనుభవంలో మరో రొమ్ము క్షయ కేసు చేరుతుంది, తర్వాత వచ్చే గ్రాన్యులోమా నివేదికను అదే అనుభవంతో చదువుతారు. మన దేశంలో రొమ్ము క్షయగా లెక్కకెక్కిన కేసుల్లో క్రిమి రుజువైనవి ఎన్ని అని అడగాల్సి రావడం ఈ చక్రం వల్లనే.

స్టెరాయిడ్‌తో చేసే ప్రయోగం దీనికి తిరగేసిన రూపం. మొదటి నెలలో వాపు బాగా తగ్గుతుంది, క్షయ ఉన్నా తగ్గుతుంది, ఎందుకంటే వాపును అణచడం స్టెరాయిడ్ పని. ఆ తర్వాత అడుగున ఉన్నది బయటికి వస్తుంది. స్టెరాయిడ్‌నూ టీబీ మందులనూ కలిపి ఇద్దామనుకున్నా ఒక చిక్కు: రిఫాంపిసిన్ కాలేయాన్ని చురుకెక్కించి ప్రెడ్నిసొలోన్‌ను తొందరగా కరిగించేస్తుంది, ఇచ్చిన మోతాదు పూర్తిగా పనిచేయదు. గర్భనిరోధక మాత్రల ప్రభావాన్నీ అది తగ్గిస్తుంది. పిల్లలు కనే వయసు మహిళలకే వచ్చే ఈ జబ్బులో ఆ సంగతి ముందే చెప్పి తీరాలి.

క్యాన్సర్ సంగతి

ఇన్‌ఫ్లమేటరీ రొమ్ము క్యాన్సర్ అరుదే, మొత్తం రొమ్ము క్యాన్సర్లలో నూటికి ఒకటి నుంచి ఐదు. కానీ వాపు రూపంలో వచ్చే రొమ్ము వ్యాధులన్నిటిలో ఆలస్యాన్ని ఏమాత్రం సహించనిది ఇదే. గడ్డ చేతికి తగలకపోవచ్చు. చర్మం ఎర్రబడి, బరువెక్కి, బత్తాయి తొక్కలా గుంటలు పడుతుంది. ఎరుపు రొమ్ములో మూడో వంతు పైగా పరచుకుంటుంది. ఇదంతా ఆరు నెలల లోపే, తరచుగా కొన్ని వారాల్లోనే. చామనఛాయ, నలుపు రంగు చర్మం మీద ఆ ఎరుపు ఎరుపుగా కనిపించదు. ముదురు రంగు మచ్చగానో, ఊదా ఛాయగానో, ఒక్కోసారి రంగు తేడాయే లేకుండా మందమెక్కడంగానో ఉంటుంది. పాశ్చాత్య పుస్తకాల్లోని బొమ్మలతో పోల్చి చూసేవారు ఇక్కడే మోసపోతారు. చర్మపు లింఫు నాళాల్లో క్యాన్సర్ కణాలు చేరి దారి మూసేయడం వల్ల ఈ వాపు వస్తుంది కాబట్టి, లోపలి కోర్ బయాప్సీతో పాటు చర్మం నుంచి కూడా చిన్న ముక్క తీయాలి.

వయసు ఇక్కడ ధీమా ఇవ్వదు. భారతీయ మహిళల్లో రొమ్ము క్యాన్సర్ పాశ్చాత్య దేశాల కన్నా సుమారు పదేళ్లు ముందుగానే కనిపిస్తోంది. పాలిచ్చే తల్లికి జ్వరంతో వచ్చే మామూలు పాల గడ్డ సరైన యాంటీబయాటిక్‌తో, పాలు పిండుకోవడంతో కొన్ని రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. వారం, పది రోజుల కోర్సుకు తగ్గని వాపును మరో యాంటీబయాటిక్‌తో కాక, అల్ట్రాసౌండ్‌తోనూ బయాప్సీతోనూ పరీక్షించాలన్నది ప్రపంచమంతటా ఒప్పుకున్న నియమం. మూడో కోర్సు, నాలుగో కోర్సు రాసిన చీటీలతో పెద్దాసుపత్రికి చేరుకునే రోగుల్ని చూస్తే ఈ నియమం మన దగ్గర పుస్తకానికే పరిమితమైనట్టు అనిపిస్తుంది.

చనుమొన చుట్టూ పదేపదే చీము పట్టే నాళాల వాపు ఎక్కువగా పొగతాగేవారిలో వస్తుంది. మన మహిళల్లో తక్కువ, చుట్ట కాల్చే ఉత్తరాంధ్ర పల్లెల్లో మాత్రం అడగాల్సిందే. ఎన్నాళ్లుగానో ఇన్సులిన్ మీదున్న మధుమేహ రోగుల్లో రాయిలా గట్టిపడే గడ్డ మరో రకం, దానిలో గ్రాన్యులోమాలు ఉండవు. ఫైలేరియా ఉన్న ప్రాంతాల్లో రొమ్ము గడ్డ సూది పరీక్షలో మైక్రోఫైలేరియాలు కనబడిన సందర్భాలు మన వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. కాళ్ల మీద ఎర్రటి నొప్పి గడ్డలు, కీళ్ల నొప్పులు రొమ్ము గడ్డతో కలిసి వస్తే గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్ వైపు మొగ్గు పెరుగుతుంది. కానీ కాళ్ల మీది అవే గడ్డలు, ఎరిథీమా నోడోసమ్, క్షయలోనూ సార్కాయిడోసిస్‌లోనూ వస్తాయి కాబట్టి దాంతోనే తేల్చేయకూడదు. ముక్కు, ఊపిరితిత్తులు, మూత్రపిండాల లక్షణాలుంటే రక్తనాళాల వాపు వ్యాధి కోసం ఏంకా అనే రక్త పరీక్ష చేయించాలి.

కత్తి ఎప్పుడు

నిర్ధారణ కాకముందే శస్త్రచికిత్స చేయడం ఈ వ్యాధిలో జరిగే పెద్ద అపకారం. గడ్డ మొత్తం తీసేస్తే పరీక్షా, చికిత్సా ఒకేసారి అయిపోతాయన్న ఆలోచన పైకి ఆకర్షణీయంగానే ఉంటుంది. వాపు చురుగ్గా ఉన్న రొమ్ములో వేసిన పెద్ద కోత మానదు, కుట్లు విడిపోతాయి, పక్క తమ్మెలో గడ్డ మళ్లీ వస్తుంది, రొమ్ము ఆకారం శాశ్వతంగా పోతుంది. చీము నిజంగా పెద్దదైతే అల్ట్రాసౌండ్ చూస్తూ సూదితో లాగడం మేలు. క్యాన్సర్ కాదని, క్షయ కాదని కోర్ బయాప్సీ, జన్యు పరీక్ష చెప్పాక, వాపు తేలికగా ఉంటే నొప్పి మందులతో ఎదురుచూడటం కూడా ఒప్పుకున్న మార్గమే. తీవ్రంగా ఉంటే స్టెరాయిడ్ మాత్రలు, లేదా గడ్డలోకే స్టెరాయిడ్ సూదిమందు, మళ్లీ మళ్లీ వస్తే రోగ నిరోధక వ్యవస్థను అణచే మెథోట్రెక్సేట్. మెథోట్రెక్సేట్ పిండానికి హాని చేస్తుంది కాబట్టి గర్భం లేదని తేల్చుకుని, గర్భనిరోధం ఏర్పాటు చేసుకున్నాకే మొదలుపెడతారు. స్టెరాయిడ్‌కు ముందు రక్తంలో చక్కెర, హెపటైటిస్ బి పరీక్షలు చేయించడం ఆనవాయితీ.

కోర్ బయాప్సీ క్యాన్సర్ లేదన్నా, అల్ట్రాసౌండ్ బొమ్మ దానితో పొసగకపోతే మళ్లీ ముక్క తీయాలి. చికిత్స మొదలై ఆరు వారాలైనా గడ్డ పెరుగుతూనే ఉంటే, చంక గ్రంథులు గట్టిపడుతుంటే, చర్మం కొత్తగా మందమెక్కుతుంటే కూడా అంతే. ఒక గ్రాన్యులోమా నివేదికను పట్టుకుని ఏడాది లాగడం తప్పు.

క్షయ కల్చర్ తుది నివేదిక 42 రోజులకు వస్తుంది. అప్పటికి స్టెరాయిడ్ మొదలై నెల దాటి ఉంటుంది, వాపు తగ్గి రోగి ఊరెళ్లిపోయి ఉంటుంది, ప్రయోగశాల కాగితం ఫైల్లో పడి ఉంటుంది. క్రిమి పెరిగిందన్న ఫలితం అందులో ఉంటే టీబీ మందులు ఆ రోజే మొదలవ్వాలి, స్టెరాయిడ్ కొనసాగించాలా తగ్గించాలా అన్నది ఆ రోజే తేలాలి. కాబట్టి నమూనా పంపిన రోజునే ఆ 42వ రోజు తేదీ రోగి చీటీ మీద రాసి, ఫలితం ఎవరు తెచ్చుకుంటారో, ఏ ఫోను నంబరుకు చెబుతారో అక్కడే నిర్ణయించుకోవాలి. జన్యు పరీక్ష నెగటివ్ వచ్చిన రోగికి ఈ తేదీ మరింత ముఖ్యం.